బ్రేకు పట్టిందా

వార్త తెచ్చింది ఒక ఆటో డ్రైవరు. ఇంజను బంద్ చేయకుండానే దిగి, మెట్ల కిందికి వంగి చెప్పాడు.

"కాకా, మన నర్సింగ్ బండి ట్యాంకర్‌కు గుద్దుకుంది. ఖైరతాబాద్ దిక్కు దిగుతుంటే. నర్సింగ్ పోయిండు."

కాకా తలెత్తాడు. "బ్రేకు పట్టిందా?"

"ఏందీ?"

"బ్రేకు పట్టిందా, పట్టలేదా?"

"అరే, మనిషి పోయిండంటున్న కాకా! నడుమ బ్రేకేంది?"

కాకా చేతిలోని ఆకురాయిని బల్ల మీద పెట్టాడు. పెట్టిన చోటు నచ్చనట్టు మళ్లీ తీసి ఇంకోచోట పెట్టాడు.

ఆ డ్రైవరు ఈ సంగతి నాంపల్లి స్టేషన్ ఆటోస్టాండు అంతా చెప్పాడు. మనిషి సచ్చిండురా అంటే ముసలాయన బ్రేకు ముచ్చట అడుగుతుండు అని. కొన్నాళ్ల పాటు స్టాండులో కాకా పేరెత్తితే మూతి విరిచారు. ఆ పొద్దున కాకా దుకాణం ముందు స్టూలు మీద కూర్చుని ఉన్న నాకు మాత్రం అది గుండె లేని మాటగా అనిపించలేదు. నర్సింగ్‌కు కుడికాలు మోకాలి కింద లేదు. ఆటోలో కాలితో తొక్కాల్సిన బ్రేకును చేత్తో నూకే బ్రేకుగా మార్చి అతన్ని మళ్లీ రోడ్డు మీదికి పంపింది కాకాయే. అది పట్టి కూడా మనిషి పోయి ఉంటే ఒక సంగతి. పట్టక పోయి ఉంటే ఇంకో సంగతి. ఆయనకు తెలియాల్సింది ఆ ఒక్కటే.

కాకా ఈ వానాకాలంలో పోయాడు. గుండె నొప్పి అని దవాఖానకు తీసుకుపోతే తెల్లవారేసరికి అయిపోయింది. అప్పటినుంచి ఆయన గురించి రాయాలని అనుకోవడం, కూర్చోవడం, లేవడం జరుగుతూనే ఉంది. ఆయన ఎక్కడ పుట్టాడో, ఎంత చదివాడో నాకు సరిగా తెలియదు. పెళ్లెందుకు చేసుకోలేదో ఎప్పుడూ అడగలేదు. గౌలిగూడలో చెల్లెలి ఇంట్లో ఉండేవాడు. నాకు తెలిసింది ఆయన చేతులు, ఆయన నోరు. ఆ రెండింటి గురించే చెప్పగలను.

ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో, మా పత్రికాఫీసు కిరాయికి ఉండిన పాత బిల్డింగు మెట్ల కింద ఆయన దుకాణం. లోపల నిటారుగా నిలబడితే తల తగిలేది. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ తగిలేది. తగిలిన చప్పుడు విన్నాక, "వచ్చినవా, కూసో" అనేవాడు కాకా, తల తిప్పకుండానే. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు. చేతులకు గ్రీజు ఉండేది కానీ చొక్కాకు మరక ఉండేది కాదు. "కాకా, నువ్వు పని జేస్తవా, జేయిపిచ్చుకుంటవా?" అని ఆటోవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. "నేను చేతులతోటి జేస్త. నీ లెక్క బట్టలతోటి కాదు" అనేవాడు. చిన్నా పెద్దా అందరికీ ఆయన కాకాయే. వయసులో ఆయనకంటే పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవాళ్లు. నేను మాత్రం ఆయనకు పేపర్ సాబ్‌ను. ఉద్యోగం మానేశాక కూడా ఆ పేరు పోలేదు.

ఆయన చేసేది కంట్రోలు కేబుళ్లు. ట్రాక్టర్లకు, కాంక్రీటు కలిపే మిషన్లకు, దవాఖాన మంచాలకు, ఒకసారి హుసేన్‌సాగర్‌లో తిరిగే ఒక మోటారు పడవకు కూడా చేశాడు. సైకిలు బ్రేకుకు ఉండే తీగ గుంజడానికే పనికొస్తుంది. వదిలేస్తే స్ప్రింగు దాన్ని వెనక్కి తీసుకుపోతుంది. కాకా చేసే కేబుల్ అలాంటిది కాదు. ఒక కొసన గుంజితే రెండో కొస లోపలికి పోవాలి, నూకితే బయటికి రావాలి. మధ్యలో తీగ ఎన్ని వంపులు తిరిగినా సరే.

"గుంజుడు ఎవడన్న జేస్తడు పేపర్ సాబ్. నూకుడే కష్టం. తాడును నూకి జూడు, ముడుసుకుంటది. దానికి ముడుసుకునే జాగ ఇయ్యొద్దు. గంతే మన పని."

లోపలి తీగకూ బయటి తొడుగుకూ మధ్య ఉండే సందు దగ్గరే ఆయన జీవితం గడిచింది. సందు మరీ తక్కువైతే తీగ బిగుసుకుపోతుంది. ఎక్కువైతే ఈ కొసన నూకిన నూకుడు ఆ కొసకు చేరకుండా దారిలోనే పోతుంది. అలా పోయేదాన్ని మెకానిక్కులు ప్లే అంటారు. కాకా దొంగ అనేవాడు. "ఈడ వేలెడు నూకితే గాడ వేలెడు రావాలె. నడుమ తినెటోడు ఎవడు? దొంగ."

కేబుల్ తయారయ్యాక ఎవరికైనా ఊరికే చేతికిచ్చి పంపేవాడు కాదు. ఒక కొస కొనేవాడి చేతిలో పెట్టి, రెండో కొస తాను పట్టుకుని, కండ్లు మూసుకోమనేవాడు.

"ఏ దిక్కు?"

"ముందల్కి కాకా."

"ఇప్పుడు?"

"ఎన్కకు."

"ఇప్పుడు?"

"ముందల్కి."

"నేను గదిలియ్యనే లేదు. నన్ను ఖుష్ జేసెటందుకు చెప్తున్నవా? రోడ్డు మీద గూడ గిట్లనే జెప్తవా? పో, చాయ్ తాగి రా, మల్ల జూద్దాం."

పెద్ద పెద్ద ట్రాక్టరు ఓనర్లు కూడా ఆ స్టూలు మీద బడిపిల్లల్లా కళ్లు మూసుకుని కూర్చోవడం చూశాను. వాళ్లు నవ్వుకునేవాళ్లు. ఆయన నవ్వేవాడు కాదు. కేబుల్ ఎంత మంచిదైనా దాని కొసన ఉన్న చెయ్యి అబద్ధమాడితే పని జరగదని ఆయన నమ్మకం.

గోడకు మేకు కొట్టి ఒక స్టీలు అన్నం ప్లేటు తగిలించి ఉండేది. దాంట్లో ఎవరూ తినరు. బండిలో కేబుల్ వేసే దారి ముందుగా నూలుతాడుతో వేసి చూసుకుని, వంపు వచ్చిన చోటల్లా ఆ ప్లేటు అంచును ఆనించేవాడు. వంపు ప్లేటు గుండ్రం కంటే బిగువుగా ఉంటే ఆ దారి వద్దనేవాడు. "అన్నం ప్లేటంత తిరగనీ. అంతకంటె ముడిస్తె లోపల రాసుకుంటది, అరుస్తది, ఒకనాడు అడ్డం పడ్తది." దారి దొరక్కపోతే బండిని తిప్పి పంపేసేవాడు. మెకానిక్కులు తిట్టుకునేవాళ్లు. ఆ ప్లేటు పక్కనే, బల్ల మీద, ఆయన పొద్దున ఉప్మా తినే చిన్న ప్లేటు ఉండేది.

ఒక చలికాలం కూరగాయల ట్రాలీ ఓనరు ఒకాయన కేబుల్ పట్టుకొచ్చాడు. పొద్దునపూట కదలడం లేదు, మధ్యాహ్నానికి మళ్లీ బాగానే ఉంటోంది, దయ్యం పట్టినట్టుందన్నాడు. కాకా తొడుగు నిలువునా కోసి చూపించాడు. లోపల తెల్లగా గడ్డ కట్టి ఉంది. వేలితో తీసి వాసన చూశాడు.

"ఏం బోసినవ్?"

"నూనె కాకా."

"ఏం నూనె?"

"కొబ్బరినూనె. మంచిదే, ఇంట్లదే."

"బండికి జడేస్తున్నవా? పువ్వులు గూడ పెట్టకపోయినవ్!"

అక్కడున్నవాళ్లందరం నవ్వాం, ఆ ఓనరుతో సహా. కాకా మాత్రం కోపంగానే చెప్పాడు. లోపల నున్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, దానికి ఏ నూనే అక్కర్లేదు. ఎండల్లో కొబ్బరినూనె ఏమీ చేయదు. చలి పొద్దున ఇంట్లో సీసాలో గడ్డకట్టినట్టే కేబుల్‌లోనూ గడ్డకడుతుంది. ఆ ఓనరు పోయాక నాతో అన్నాడు. "పట్టిచ్చుకోనోని బండి మంచిగుంటది పేపర్ సాబ్. పాయిరంగ, కన్నబిడ్డ లెక్క జూసుకునేటోని బండికే ఈ రోగమొస్తది."

నర్సింగ్ వచ్చింది ఆ తర్వాత. సిద్దిపేట పక్క పల్లె నుంచి తల్లితో సహా పట్నం వచ్చి ఆటో నడుపుకుంటున్నవాడు. లారీ తగిలి కాలు పోయింది. చంకలో కర్రతో మెట్ల కిందికి వంగి వచ్చాడు. తల తగల్లేదు. కాకా తలతిప్పి చూశాడు.

"కాకా, నన్ను మల్ల ఆటో ఎక్కియ్యి."

"ఎక్కుడు నువ్వే ఎక్కాలె. ఆపుడు నేను జూస్త."

ఆటోకు క్లచ్చి, గేర్లు, యాక్సిలేటరు అన్నీ చేతుల దగ్గరే ఉంటాయి. కాలితో పని బ్రేకుకొక్కదానికే. సీటు పక్కన ఒక కర్రలాంటి లివరు పెట్టి, దాన్ని ముందుకు నూకితే కేబుల్ పోయి పెడలును నొక్కేటట్టు, వెనక్కి గుంజితే పెడలును లేపేటట్టు కాకా గీసుకున్నాడు. నూలుతాడు వేశాడు. అన్నం ప్లేటు తెచ్చి ఆనించాడు. సీటు కింద వంపు దగ్గర ప్లేటు పట్టలేదు. అక్కడ నర్సింగ్ చంకకర్ర పెట్టుకునే జాగా ఉంది.

"కర్ర ఎన్క సీట్ల పెట్టుకో" అన్నాడు కాకా.

"ప్యాసింజర్లు తొక్కుతరు కాకా. విరిగిపోతది."

"ఇంట్ల పెట్టు."

"బండి దిగినంక ఎట్ల నడవాలె? నీ కేబుల్ పట్టుకుని నడవాల్నా?"

కాకా నవ్వాడు. ఆయన నవ్వడం అరుదు. బండి చుట్టూ తిరిగాడు, కింద పడుకుని చూశాడు, లేచి చొక్కా దులుపుకున్నాడు. ఇంకో దారి లేదు. చివరికి బల్ల మీది చిన్న ప్లేటు తీసి, అంటుకున్న ఉప్మా పలుకులు గుడ్డతో తుడిచి, వంపుకు ఆనించాడు. పట్టింది.

"ఇదొక్కసారే" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

కళ్లు మూసుకుని కూర్చున్న నర్సింగ్‌ను ఎవరినీ పరీక్షించనంత సేపు పరీక్షించాడు. కదల్చకుండా అడిగితే, "కదలలే కాకా. ఊకె పరేషాన్ జెయ్యకు" అన్నాడు నర్సింగ్. ఆ మాటతో ఆయన మనసు గెలుచుకున్నాడు. తర్వాత అతను ఏడాది పైగా ఆ బండి నడిపాడు. నాంపల్లి స్టేషన్ నుంచి కిరాయి దొరికినప్పుడల్లా దుకాణం ముందు నుంచే పోయేవాడు. మెట్ల దగ్గర ఒక హారను కొట్టేవాడు. కాకా చెయ్యి ఎత్తేవాడు కాదు. హారను వినిపించని రోజు మాత్రం, "వీడు రాలేదేంది ఇయ్యాల" అని నన్నడిగేవాడు.

అలా నడిచి, ఒక చలి పొద్దున ఖైరతాబాద్ వైపు దిగుడులో, ఆగి ఉన్న నీళ్ల ట్యాంకర్ వెనక నర్సింగ్ పోయాడు. బండిలో ప్యాసింజర్లు లేరు. చూసినవాళ్లు తలా ఒక మాట చెప్పారు. స్పీడు మీదున్నాడని ఒకరు, నిద్రలో ఉన్నట్టున్నాడని ఒకరు, చెయ్యి ఏదో గట్టిగా నూకుతున్నట్టు కనిపించిందని ఒకరు. నడిపినవాడే పోయాడు కాబట్టి కేసు ఎక్కువ దూరం పోలేదు. బండి మాత్రం పోలీస్ స్టేషన్ ఆవరణలో ఉండిపోయింది.

దినాలయ్యాక కాకా నన్ను పిలిచాడు. "నర్సింగ్ ఇంటికి పోవాలె. నువ్వు జర ఎంబడి రా. అడుగుడు నీకు అలవాటు."

"ఏం అడగాలి?"

"గాడ జెప్త."

ఒక గది ఇల్లు. తల్లి చాప వేసింది. కాకాను చూసి ఏడవలేదు, ఆయన పక్కనే కూర్చుంది.

"బండిని మనిషి లెక్క జూసుకున్నడన్నా నా కొడుకు. నేను గూడ గట్లనే. శుక్రారం శుక్రారం నేనే కడిగి, తుడిచి, బొట్టు పెట్టేదాన్ని. మీరు పెట్టిన కట్టె ఉన్నది గదా, బ్రేకుది, ముందుగాల దానికే దండం పెట్టేదాన్ని. అదే గదన్నా వానికి కాలు."

కాకా వింటున్నాడు. గూట్లో దేవుడి పటం, పక్కన దువ్వెన, అద్దం, కొబ్బరినూనె సీసా. ఎవరింట్లోనైనా ఉండేవే. ఆయన చూపు అక్కడే ఆగింది. ఆమె ఇంకా చెబుతోంది. బండికి ఏ రోజు ఏం చేసేదో, దసరాకు ఎట్లా అలంకరించేదో చెబుతోంది. నేను కాకా వైపు చూశాను. ఎందుకు వచ్చామో అప్పటికి నాకు అర్థమైంది.

"అమ్మా" అన్నాడు కాకా.

"చెప్పన్నా."

ఆయన నోరు తెరిచాడు. ఆమె ఆయన మొహంలోకే చూస్తోంది.

"జర మంచినీళ్లిస్తవా" అన్నాడు.

బయటికి వచ్చి కాకా ఇంటి దిక్కు, గౌలిగూడ సందుల్లో చాలా దూరం నడిచాం. నేనే అడిగాను. "అడగలేదేం కాకా?"

"ఏమని?"

"నూనె పోసిందా అని."

ఆయన ఆగాడు. "పోసిన అంటదనుకో. రేపటి సంది ఆమె ఎట్ల పండుకుంటది? పొయ్యలే అంటదనుకో. నేనెట్ల పండుకుంట?" కొంచెం నడిచి మళ్లీ అన్నాడు. "గా చిన్న ప్లేటు నేను పట్టొద్దుండె."

అడగకుండా తెలుసుకునే దారి ఒకటి ఉంది. అది కొన్ని నెలలకు దానంతటదే దుకాణానికి వచ్చింది. బండి విడిపించుకుని తుక్కుకు అమ్మేశారు. అమ్మే ముందు నర్సింగ్ మేనమామ కేబుల్ విప్పించి తెచ్చాడు. "అక్క ఇచ్చి రమ్మన్నది. మీ చేతి సామాను తుక్కుల పోవద్దన్నది."

దెబ్బకు రెండు కొసలూ నలిగిపోయి ఉన్నాయి కాబట్టి నూకి చూసి చెప్పేదేమీ లేదు. కానీ వంపు ఉన్న నడిమి భాగం బాగానే ఉంది. అక్కడ తొడుగు కోస్తే తెలిసిపోతుంది. కాకా దాన్ని బల్లకున్న వైస్‌లో బిగించాడు. కటింగ్ ప్లేయరు తీశాడు. ట్రాలీ ఓనరు కేబుల్‌ను ఒక్క నిమిషంలో కోసి చూపించిన చేయి అది. ప్లేయరు నోరు తొడుగు మీద ఆనించి అలాగే ఉన్నాడు. పైన మెట్ల మీద ఎవరో దిగారు, ఇంకెవరో ఎక్కారు. ఆయన ప్లేయరు పక్కన పెట్టేశాడు.

"కొయ్యవా?" అన్నాను.

"లోపట నూనె ఉంటె తల్లి మీదికి పోతది. అరిగుంటె నా మీదికొస్తది. రెండూ లేకుంటె సచ్చిపోయినోని మీదికి పోతది. నీకు ఎవరి మీదికి పోవాలె, చెప్పు."

వృత్తి అలవాటు ఊరుకోనివ్వలేదు. ఇలాంటి బ్రేకులతో ఇంకా కొందరు నడుపుతున్నారు కదా, వాళ్ల కోసమైనా తెలియాలి కదా అన్నాను.

"వాళ్ల సంగతి నేను జూస్త" అన్నాడు. కేబుల్‌ను వైస్ నుంచి విప్పి, పాత లుంగీ ముక్కలో చుట్టి, అటక మీద పెట్టాడు.

నిజంగానే చూశాడు. చేతిబ్రేకు పెట్టించుకున్న ప్రతివాడికీ ఫోను చేసి పిలిపించాడు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. అందరి కేబుళ్లూ తీసేసి కొత్తవి వేశాడు. ఎక్కడా అన్నం ప్లేటుకు తక్కువ వంపు రానివ్వలేదు. ప్లేటు పట్టని చోట సీటు కోసేయించాడు. రెండు కొసలకూ రబ్బరు టోపీలు దిగేసి, లోపలికి ఒక చుక్క కూడా పోకుండా బిగించేశాడు. "ఇగ పాయిరంతోటి పోద్దామన్నా పోదు" అన్నాడు నాతో. కాకా, మాదాంట్లో ఏమన్న ఖరాబుందా అని అడిగినవాళ్లకు, "కొత్త మాడల్ వచ్చింది, తీస్కపోరా" అని చెప్పాడు. నూనె తప్పయినా, వంపు తప్పయినా, రెండూ ఇక జరగవు. ఏది జరిగిందో తెలుసుకోకుండానే రెండింటినీ మూసేశాడు. ఎండాకాలమంతా ఆ పనే చేశాడు.

అది అయ్యాక మనిషి తేలికపడతాడని అనుకున్నాను. పడలేదు. తల తగిలిన చప్పుడుకు "వచ్చినవా, కూసో" అనడం మానేశాడు. ఎగతాళికి ఎగతాళి చెప్పడం మానేశాడు. చొక్కా మీద మరకలు కనిపించసాగాయి. ఒకసారి ఒక ట్రాక్టరాయన కళ్లు మూసుకుని కూర్చున్నాడు. కాకా "ఏ దిక్కు?" అన్నాడు. "కదలలే" అన్నాడు అతను. మళ్లీ "ఏ దిక్కు?" మళ్లీ "కదలలే." కాకా కొస పట్టుకుని ఉన్నాడు గానీ కదిలించడమే మరిచిపోయాడు. ఆయన చూపు రోడ్డు మీద ఉంది. ట్రాక్టరాయన ఒక కన్ను తెరిచి నా వైపు చూశాడు. నేను చెయ్యి ఊపి, ఇంకాసేపు మూసుకొమ్మన్నాను.

ఆయన పోయిన తర్వాత దుకాణం ఖాళీ చేసే రోజు చెల్లెలు సాయం రమ్మంటే వెళ్లాను. సామాను తీసి మెట్ల దగ్గర పెడుతున్నాం. అటక మీది లుంగీ మూట కూడా కిందికి వచ్చింది. అప్పుడే నర్సింగ్ తల్లి వచ్చింది. స్టాండులో ఎవరో చెప్పారట. ఆటోస్టాండులో ఇప్పుడు కాకా గురించి మంచిగానే మాట్లాడుకుంటున్నారు. ఆమె లోపలికి రాలేదు, మెట్టు మీద కూర్చుంది. మూట ఆమె చీర కుచ్చిళ్లకు జానెడు దూరంలో ఉంది.

"మంచోడు బిడ్డా" అంది నాతో. "నా కొడుకు పోయినంక ఇంటిదాంక వచ్చిండు. ఏమో అడగబోయిండు. నీళ్లడిగిండు. నీళ్లిస్తే తాగలే, గట్లనే పట్టుకుని కూసున్నడు. నువ్వు గూడ ఉంటివి గదా. ఏం అడుగుదామనుకున్నడు బిడ్డా?"

"తెల్వదమ్మా" అన్నాను.

ఆమె తలెత్తి నన్ను చూసింది. "నీకెర్కనే" అంది. లేచి, కొంగు సర్దుకుని, రోడ్డు దాటి బస్సు వైపు పోయింది.

చెల్లెలు లుంగీ మూట ఎత్తి, "ఇది తుక్కుల ఎయ్యాల్నా?" అని అడిగింది. వద్దన్నాను. అది ఇప్పుడు గౌలిగూడలో ఆమె ఇంట్లో మంచం కింద ఉంది. తొడుగు ఇంతవరకు ఎవరూ కోయలేదు.